గృహయంత్ర పరిజ్ఞానము: ఒక రోటిలో రెండు రోకళ్లు

పొయ్యిమీది పప్పు అడుగంటుచున్న సంగతి ఇల్లాలికి చూపుకంటె ముందు వాసనచేతనే తెలియును. పాలు పొంగుటకు ముందు గిన్నె చేయు సన్నని సవ్వడిని, ప్రక్కగదిలో నున్నను ఆమె చెవి పట్టుకొనును. ఇట్టి చెవి గల స్త్రీ, తన బిడ్డలును అత్తమామలును కూర్చుండి ప్రయాణము చేయు కారు చప్పుడు మారినప్పుడు మాత్రము "మనకేమి తెలియును" అని ఊరకుండుట న్యాయము కాదు. ఈ మాసము మేము కారు ఇంజనులోని కామ్ షాఫ్టు అను భాగమును గూర్చి ముచ్చటింపదలచితిమి. అది వేళ తప్పినచో ఏమగును, తప్పినట్లు ఎట్లు కనిపెట్టవలెను, బాగుచేయించునప్పుడు ఏమేమి అడుగవలెను అనునవి ఇందలి విషయములు.

ఇంజనుతో స్త్రీలకేమి పని యని కొందరు నవ్వవచ్చును. కారు అనునది పుట్టిన తొలినాళ్లలోనే, 1888 ఆగస్టు మాసమున, జర్మనీ దేశమందు బెర్తా బెంజ్ అను ఇల్లాలు భర్తతో చెప్పకయే ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ పట్టణమునుండి ఫోర్జ్‌హైమ్ పట్టణమునకు, 100 కిలోమీటర్లకు పైబడిన దూరము, తల్లిని చూచుటకై కారు నడుపుకొని పోయెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చుకొన్న సూదితో దానిని తానే శుభ్రపరచెను. ఆ కారును నిర్మించిన కార్ల్ బెంజ్ ఆమె భర్తయే. కనుక నవ్వువారిని నవ్వనిచ్చి మన పని మనము చూచుకొందము.

ఇంజను లోపలి సంగతి

ఒకే రోటిలో ఇరువురు స్త్రీలు దంచుట చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఒకరి రోకలి లేచినప్పుడు రెండవవారి రోకలి దిగును. రోలు ఒక్కటే, రెండు రోకళ్లును అక్కడికే రావలెను, కాని ఒకే క్షణమున రారాదు. ఇరువురి తాళమును కుదిరియున్నంతసేపు పని సుఖముగా సాగును. ఒకరు తాళము తప్పినచో రోకలికి రోకలి తగిలి చేతులు జివ్వుమనును.

కారు ఇంజనులో ఇట్టి రోళ్లు సాధారణముగా మూడో నాలుగో ఉండును. వీనిని సిలిండరులందురు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క పిస్టను క్రిందుమీదుగా ఆడుచుండును. మన శాస్త్రగ్రంథములలో పిస్టనునకు ముషలకమని పేరు పెట్టినారు. ముషలమనగా రోకలియే గదా! సిలిండరు పైకప్పునందు వాల్వులు గలవు. అవి చిన్న తలుపుల వంటివి. కొన్ని గాలిని లోనికి రానిచ్చును. కొన్ని పొగను వెలికి పోనిచ్చును. పిస్టనుల ఆటచేత తిరుగునది క్రింద నున్న క్రాంకు షాఫ్టు. వాల్వులను వేళకు తెరచునది పైనున్న కామ్ షాఫ్టు. ఈ కామ్ షాఫ్టు అక్కడక్కడ గ్రుడ్డువలె ఉబ్బియున్న ఒక లోహపు కడ్డీ. ఉబ్బు వచ్చి నొక్కినప్పుడు వాల్వు తెరచుకొనును. ఉబ్బు దాటగానే స్ప్రింగు దానిని మూసివేయును.

గాలి పీల్చుట, అదుముట, మండుట, పొగ వదలుట అను నాలుగు పనులు ముగియుటకు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. ఆ కాలములో కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగవలెను. రహదారిపై పోవునప్పుడు క్రాంకు నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. కామ్ షాఫ్టు 1,500 చుట్లు తిరుగును. అనగా ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 పర్యాయములు తెరచి మూసికొనుచుండును. ఇంత వేగముగా దంచుచున్న రోకళ్లు ఒకదానికొకటి తగులకుండుట తాళముమీదనే ఆధారపడియున్నది.

క్రింది షాఫ్టును పై షాఫ్టుతో జతపరచి ఈ తాళమును నిలుపునది ఒక పళ్ల బెల్టు గాని, ఒక ఉక్కు చైను గాని అయియుండును. మన దేశములో 1983లో వెలువడిన మారుతి 800 కారున బెల్టుండెను. అంతకు ముందటి అంబాసిడరులో చైనుండెను. బెల్టు రబ్బరుది గనుక చప్పుడు లేక తిరుగును, కాని వయసుతో ముదియును. చైను ఆయిలు తడిలో తిరుగుచు చిరకాలము మన్నును, కాని ఆయిలు చెడినచో కీలు కీలునను అరిగి సాగిపోవును. కొన్ని ఇంజనులలో బెల్టే ఆయిలులో తిరుగునట్లు అమర్చినారు. వానికి కంపెనీవారు చెప్పిన రకపు ఆయిలు తప్ప వేరొకటి పోయరాదు. విద్యుత్తుతో మాత్రమే నడచు కార్లకు ఈ వాల్వులును ఈ చైనును లేవు.

అనేకములైన ఇంజనులలో వాల్వు దిగు చోటికే పిస్టనును వచ్చును. బెల్టు తెగినచో కామ్ షాఫ్టు ఉన్నచోటనే నిలిచిపోవును. తెరచియున్న వాల్వులు తెరచియే యుండును. కారు పరుగుచేత క్రాంకు మాత్రము ఇంకను తిరుగుచుండును. పిస్టను వచ్చి వాల్వును కొట్టును. వాల్వు వంగును. కొన్ని సందర్భములలో పిస్టను పగులును కూడ. బెల్టు ఖరీదుతో పోవలసిన పని ఇంజను తల విప్పించు ఖరీదునకు పెరుగును.

మా యింటి అనుభవము

మా కారు చైను గల పెట్రోలు బండి. 2023 డిసెంబరు మాసమున ప్రతి ఉదయము తాళము త్రిప్పగానే రెండు మూడు సెకనులపాటు, ఇత్తడి చెంబులో గచ్చకాయలు వేసి ఆడించినట్లు ఒక చప్పుడు వినవచ్చుచుండెను. తరువాత నిశ్శబ్దము. పగలు మరల బండి తీసినప్పుడు ఆ చప్పుడుండదు. మా యింటివారితో చెప్పితిమి. "చలికాలము గదా, దానికిని గొంతు బొంగురుపోయినది" అని వారు నవ్విరి. మేమును నవ్వి ఊరకుంటిమి.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఒకనాడు ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని దీపము వెలిగెను. మరమ్మతు శాలకు పంపితిమి. కామ్ షాఫ్టు సెన్సారు చెడినదని చెప్పి, క్రొత్తది వేసి, దీపమార్పి పంపిరి. తొమ్మిది దినములకు దీపము మరల వెలిగెను. వేసిన సెన్సారు మంచిది కాదేమో యని మరియొకటి వేసిరి. ఈ పర్యాయము ఆరు దినములకే వెలిగెను. అప్పటికి మేము పిల్లలతోడను అత్తగారితోడను నల్లమల కొండదారిని శ్రీశైలము పోవుటకు దినము నిశ్చయించుకొనియుంటిమి. దీపము వెలుగుచున్నను బండి నడచుచునే యున్నది గనుక పోయి వచ్చిన పిమ్మట చూపింపవచ్చునని మా యింటివారి అభిప్రాయము.

మా అత్తగారు అంతయు విని, "అమ్మాయీ, ఆ పొద్దుటి చప్పుడు సంగతి మరమ్మతువారికి ఎవరైనను చెప్పినారా?" అని అడిగిరి. ఎవరును చెప్పలేదు. వారికి దీపమును చూపితిమి గాని చప్పుడును చెప్పలేదు.

మరునాడు మేమే బండిని చిరకాలముగా ఈ పని చేయుచున్న వేరొక వృద్ధ మెకానికు వద్దకు తీసికొనిపోయితిమి. అతడు మూడు ప్రశ్నలు వేసెను. చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నది? కంప్యూటరు చూపిన సంఖ్య ఏది? ఆయిలు కడపట ఎప్పుడు మార్చితిరి? మొదటిదానికి జవాబు చెప్పితిమి. రెండవదానిని అతడే తన పరికరముతో చూచికొనెను. పీ 0016 అని వచ్చెను. మూడవదానికి జవాబు మా జమాఖర్చుల పుస్తకములో నుండెను. ఇంటికి వచ్చి పేజీలు త్రిప్పగా, 10,000 కిలోమీటర్లకు మార్చవలసిన ఆయిలును 23,000 కిలోమీటర్లు మార్చకయే నడిపినట్లు తేలెను. పాలవానికిచ్చిన చిల్లర సహితము వ్రాసికొను మేము ఆ ఒక్క పద్దును తిరిగి చూడలేదు. కావున మా యింటివారిమీద నేరము మోపుటకు మాకు నోరు లేకపోయినది.

ముందరి మూత విప్పి చూడగా చైనును బిగించి పట్టు టెన్షనరు తన హద్దువరకు సాగియుండెను. చైను ఒరసికొనిపోవు పట్టీ చాలుపడి అరిగియుండెను. అతడు పాత చైనును క్రొత్త చైనును ఒకే మేకునకు తగిలించి చూపెను. పాతది కందిగింజంత పొడుగుండెను. ఆ కందిగింజంత తేడాచేతనే పై షాఫ్టు వెనుకబడి, సెన్సారు ఆ సంగతిని నిజముగా విన్నవించుచుండగా, మేము విన్నవించినవానినే రెండు మారులు పనిలోనుండి తీసివేసితిమి! శ్రీశైల ప్రయాణము ఉగాదికి వాయిదా పడెను. సుఖముగా పోయి వచ్చితిమి. ఆనాటినుండి మా యింట చప్పుడును గూర్చిన మాట నవ్వులోనికి పోవుట లేదు.

మా బంధువులలో ఒకామె అనుభవము వేరు. ఆమె 2022లో ఎనిమిదేండ్ల నాటి బెల్టు బండిని కొనెను. అది 40,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినదని అమ్మినవారు గొప్పగా చెప్పిరి. ఆమెయు సంతోషించెను. కొన్న నాలుగవ నెలలో బెల్టు తెగెను, వాల్వులు వంగెను. కారు తక్కువగా తిరిగినను రబ్బరునకు ఏండ్లు గడచుచునే యుండును. కంపెనీ పుస్తకములో బెల్టునకు ఇన్ని కిలోమీటర్లు, లేక ఇన్ని సంవత్సరములు, ఏది ముందైన అది, అని గడువు వ్రాసియుందురు. గడువు ఒక్కొక్క బండికి ఒక్కొక్క విధముగా నుండును గనుక పొరుగువారి బండి లెక్క మన బండికి పనికిరాదు. పాతబండి కొన్నప్పుడు బెల్టు మార్చిన రసీదు చేతికి రానిచో, మార్చలేదనియే ఎంచుకొనవలెను.

ఇంటినుండియే కనిపెట్టదగిన చిహ్నములు

1. రాత్రియంతయు నిలిచిన బండిని ఉదయము తీయగానే కొన్ని సెకనులు గలగల చప్పుడు వచ్చి ఆగుట. చైను బిగింపు పలు ఇంజనులలో ఆయిలు ఒత్తిడితో పనిచేయును. రాత్రి ఆ ఆయిలు దిగిపోవును. ఒత్తిడి మరల చేరువరకు వదులైన చైను కొట్టుకొనును. చప్పుడు దినదినమునకు దీర్ఘమగుచున్నచో ఆలసింపరాదు.

2. బండి నిలిచియున్నప్పుడు ఇంజను సమముగా ఆడక వణకుట.

3. ఎత్తు ఎక్కునప్పుడు మునుపటి బలము లేకుండుట. అదే దారికి పెట్రోలు ఎక్కువగుట.

4. తాళము త్రిప్పిన వెంటనే అందుకొనక, చాలసేపు త్రిప్పవలసివచ్చుట.

5. ఇంజను దీపము వెలుగుట. అది వెలిగి ఆరుచు మినుకుమినుకుమనుచున్నచో బండిని వెంటనే ప్రక్కకు తీసి ఆపవలెను.

6. బెల్టు మూతవద్ద ఆయిలుగాని నీరుగాని కారిన జాడ. ఆయిలు తగిలిన పొడిబెల్టు ఆయుర్దాయము తగ్గిపోవును.

వీనిలో ఏ ఒక్కటియు కామ్ షాఫ్టు తప్పునకు తిరుగులేని సాక్ష్యము కాదు. స్పార్కు ప్లగ్గులు పాడైనను ఇంజను వణకును. బ్యాటరీ నీరసించినను బండి అందుకొనదు. చిహ్నములు రెండు మూడు కలిసివచ్చినప్పుడు మాత్రము ఈ వైపు చూడుమని మెకానికుతో చెప్పవలెను.

పరీక్షల వరుస

ఖర్చు లేని పరీక్షనుండి ఖర్చుగల పరీక్షకు పోవుట బుద్ధిమంతుల పద్ధతి. మొదటిది ఆయిలు చూచుట. దీనిని మనమే చేయవచ్చును. బండిని సమమైన నేలపై ఆపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కొలకడ్డీని తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి తీయవలెను. ఆయిలు రెండు గుర్తుల నడుమ నుండవలెను. క్రింది గుర్తునకు దిగినచో తక్కిన పరీక్షలకు ముందు ఆ లోటు తీర్పవలెను.

రెండవది కంప్యూటరు సంఖ్య. "సెన్సారు పోయినది" అను మాటతో తృప్తిపడక, సంఖ్యను కాగితముమీద వ్రాసి ఇమ్మని అడుగుడు. పీ 0340 వచ్చినచో కామ్ షాఫ్టు సెన్సారు విద్యుత్తు దారిలో తప్పున్నదని అర్థము. సెన్సారు, తీగ, జోడింపు, ఈ మూటిని చూడవలెను. పీ 0016 వచ్చినచో క్రాంకు లెక్కయు కామ్ లెక్కయు పొసగుట లేదని అర్థము. చైను, బెల్టు, బిగింపులవైపు చూపు పోవలెను. పీ 0011 గాని పీ 0012 గాని వచ్చినచో, వేగమునుబట్టి కామ్ షాఫ్టును ముందునకు వెనుకకు జరుపు అమరిక చెప్పిన చోటికి పోవుట లేదని అర్థము. ఆ అమరిక ఆయిలు ఒత్తిడితోనే నడచును గనుక మొదట ఆయిలును, పిదప ఆ ఆయిలును విడుచు చిన్న వాల్వును పరీక్షింపవలెను. అది మడ్డి పట్టియుండవచ్చును.

మూడవది, ఆసిలోస్కోపు అను పరికరముతో రెండు సెన్సారుల అలలను ఒకే తెరపై చూచుట. మంచి బండి అలలతో పోల్చినచో మూత విప్పకయే తాళము తప్పినది లేనిది తెలియును. నాలుగవది సిలిండరుల ఒత్తిడి కొలుచుట. అన్నిటను సమానముగా తగ్గియున్నచో తాళము తప్పియుండవచ్చును; ఒక్కదానిలో మాత్రమే తగ్గియున్నచో ఆ సిలిండరు వాల్వునో పిస్టను రింగులనో అనుమానింపవలెను. కడపటిది మూత విప్పి గుర్తులు చూచుట. షాఫ్టుల చక్రములపై కంపెనీవారు గుర్తులు పెట్టియుందురు. మొదటి సిలిండరు పిస్టను పైకి వచ్చినప్పుడు ఆ గుర్తులన్నియు చెప్పిన చోట నిలువవలెను. క్రాంకు చక్రమునకు 20 పళ్లున్నవనుకొన్నచో ఒక్క పన్ను తప్పుట 18 డిగ్రీలు తప్పుటయే. ఒక్క పన్ను తప్పిన బండి తఱచు నడచుచునే యుండును, నీరసముగా నడచును. అందుచేతనే తప్పు బయటపడక నెలలు గడచును.

మరమ్మతునందు అడుగవలసినవి

ఈ పని ఇంట చేయదగినది కాదు. షాఫ్టులు కదలకుండ పట్టు ప్రత్యేక పనిముట్లు కావలెను. కాని క్రింది మాటలు అడుగుటకు పనిముట్లక్కరలేదు.

బెల్టు ఒక్కటియేనా, టెన్షనరును, నడుమ తిరుగు పుల్లీలును కూడ మార్చుచున్నారా? పాత బేరింగు బిగిసినచో క్రొత్త బెల్టును చంపును. నీటి పంపును త్రిప్పునది ఈ బెల్టే యైనచో దానిని కూడ ఇప్పుడే మార్చుట మేలు. లేనిచో దానికై మరల ఇంతయు విప్పవలసివచ్చును. చైను బండియైనచో పట్టీలు, టెన్షనరు, పళ్లచక్రములు కలిపి వేయుదురా? ఒక్కసారికే పనికివచ్చు బోల్టులు క్రొత్తవి తెప్పించినారా?

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. అమర్చిన తరువాత బండిని తాళముతో త్రిప్పుటకు ముందు, క్రాంకును చేతి పానాతో నిదానముగా రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలిసినవో లేదో చూచెదరా? నడుమ ఎచ్చటనైన గట్టిగా అడ్డు తగిలినచో బలవంతము చేయరాదు. అది పిస్టనునకు వాల్వు తగిలిన సూచన కావచ్చును. ఈ ప్రశ్నకు మంచి మెకానికు సంతోషించును. విసుగుకొనువానివద్ద బండి వదలుటకు మేము సాహసింపము. తీసివేసిన పాత భాగములను చూపుమని అడుగుట మరువకుడు.

మార్గమధ్యమున ఇంజను ఆగినచో

పరుగులో ఇంజను ఒక్కసారిగా ఆగినచో, బండి కదలుచున్నంతలోనే ఎడమ ప్రక్కకు తీసి, నాలుగు దీపములును మినుకుమను మీట నొక్కవలెను. ఇంజను ఆగినప్పుడు స్టీరింగు బరువగును. బ్రేకును రెండు మూడు నొక్కులకు గట్టిపడును. కావున తడబడక, మాటిమాటికి వదలక, ఒకే గట్టి నొక్కుతో ఆపవలెను. పిల్లలను పెద్దలను రహదారికి దూరముగా నిలుపవలెను. ఆ తరువాత అందరును చేయు తప్పు ఒకటి కలదు. తాళమును మరల మరల త్రిప్పుట. మామూలుగా ఆగి ఆగి, ఒత్తి ఒత్తి తిరుగవలసిన ఇంజను, అడ్డు లేనట్లు తేలికగా గిరగిర తిరిగినచో బెల్టు తెగియుండవచ్చును. ప్రతి త్రిప్పునకు మరియొక వాల్వు వంగవచ్చును. తాళము తీసి చేతిలో పెట్టుకొని, మోసికొనిపోవు బండిని పిలిపించుటయే మంచిది. జాతీయ రహదారులపై 1033 సంఖ్యకు ఫోను చేసినచో సహాయము దొరకును.

ఒక పుట

సోదరీమణులారా, మీ జమాఖర్చుల పుస్తకము కడపటి పుటను కారునకు కేటాయింపుడు. ఆయిలు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, పోసిన ఆయిలు రకము, తరువాత మార్చవలసిన వేళ. బెల్టైనచో దాని గడువు. వినబడిన చప్పుడు, విన్న దినము, అని వరుసగా వ్రాసికొనుడు. మరమ్మతునకు పంపునప్పుడు ఆ పుటను కూడ పంపుడు. దీపము వెలిగిన సంగతి బండియే చెప్పుకొనును. నెల దినములుగా తెల్లవారుజామున చెంబులో గచ్చకాయలాడుచున్న సంగతి విన్నవారు చెప్పిననే తెలియును.

వచ్చు మాసమున బ్రేకులను గూర్చి వ్రాయుదుము.